అప్‌డేట్: పాపను హెల్త్ చార్టర్ హైస్కూల్లోనే చేర్పించాం

వైద్యరంగం మీద దృష్టి పెట్టే ఈ బడిలో పిల్లలు తక్కువ, మాథ్స్ స్కోర్లు తక్కువ, పాపను తొమ్మిదిలో చేర్చాలా అని మార్చిలో కాలిఫోర్నియా నుంచి అడిగాను కదా. చేర్పించాం. చార్టర్ అంటే ప్రభుత్వ నిధులతో సొంతంగా నడిచే బడి. అదీ ప్రభుత్వ బడే, ఫీజు లేదు. సీట్లకు మించి దరఖాస్తులు వస్తేనే లాటరీ. మాకు ఆ టెన్షన్ రాలేదు.

ఇక్కడ హైస్కూల్లో రాష్ట్ర మాథ్స్ పరీక్ష పదకొండో తరగతిలో ఒక్కసారే. యాభైమంది బ్యాచ్‌లో ఐదుగురు ఫెయిలైతే 10 శాతం తేడా వస్తుంది. అందుకే మూడేళ్లవి కలిపి చూశాను. అయినా మాథ్స్ బలహీనమే, ట్యూషన్ పెట్టాం.

కెమిస్ట్రీ ఉందేమో కనుక్కోమన్నవారికి థాంక్స్. ఉంది, ల్యాబ్‌తో సహా.

చూడ్డానికి వెళ్లినరోజు ఓ సీనియర్ అమ్మాయి పాప చేతికి బీపీ పట్టీ చుట్టి, మోచేతి మడతలో స్టెతస్కోపు ఆనించి, రెండుసార్లు కొలిచాకే రాసుకుంది. ఇంటికొచ్చాక పాప నా మణికట్టు వదల్లేదు, నాడి లెక్కపెడుతూనే ఉంది.