అప్‌డేట్: లాటిన్‌లో "సుస్టులిట్" ఏ క్రియో తేలింది

"మానూస్ ఆడ్ కైలుమ్ సుస్టులిట్" అన్న వాక్యంలో చివరి మాట నా చిన్న డిక్షనరీలో ఎక్కడా లేదు, ఇది ఏ క్రియ అని అడిగాను కదా, తేలిపోయింది. హెల్ప్ చేసిన అందరికీ చాలా థాంక్స్ అండి.

చివరి "ఇట్" తీసేసి, మిగిలిన "సుస్టుల్" కోసం క్రియల మూడో రూపాల్లో (డిక్షనరీలో లాటిన్ క్రియకి ఇచ్చే నాలుగు రూపాల్లో మూడోది, భూతకాలానిది) వెతకమన్నారు చూడండి, అదే పనిచేసింది. టోల్లో, టోల్లెరె, సుస్టులీ, సుబ్లాటుమ్, ఇవీ నాలుగు రూపాలు. అంటే ఎత్తడం, వాక్యం "చేతులు ఆకాశం వైపు ఎత్తాడు" అని. మా లాటిన్ మేడమ్‌ని కూడా అడిగితే, వర్తమానానికీ భూతకాలానికీ పైకి పోలిక కనిపించదు, "సుస్టులీ"లోని "టులీ"యే "ఫెరో" (మోయడం) అనే క్రియకీ భూతకాలం, మన "వచ్చాడు, రాడు" లాగే రూపాలు వేరుగా ఉంటాయి అన్నారు, ఆ ఒక్క మాటతో నాకు మొత్తం వెలిగింది.

ఇది సుఫ్ఫెరో అనే ఇంకో క్రియ అయ్యుండొచ్చని ఒకరన్నారు, దానికీ భూతకాలం సుస్టులీయే, కానీ అది భరించడం కాబట్టి చేతులకి కుదరదు.

ఇంకోటి, ఇదే క్రియ శత్రువు గురించి వస్తే ఎత్తడం కాదు, అడ్డు తొలగించడం, చంపేయడం కూడా అవ్వచ్చు, కాబట్టి కర్మ ఏంటో చూసుకోండి. "మానిబుస్ సుబ్లాటీస్" కనిపిస్తే అదీ ఇదే క్రియ, చేతులు పైకెత్తి అని.