పాత ఎలక్ట్రిక్ స్కూటర్‌కి మళ్లీ లెడ్ యాసిడ్ బ్యాటరీలే వేయించాలా, లిథియంకి మారాలా?

ఖమ్మంలో సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. 250 వాట్ల మోటార్, 25 కిలోమీటర్ల స్పీడ్ దాటదు, కాబట్టి రిజిస్ట్రేషన్, లైసెన్స్ గొడవ లేదు. లోపల 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు 5 ఉన్నాయి.

నిలబెట్టినప్పుడు మీటర్‌లో ఫుల్ చూపిస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కగానే ఆగిపోతుంది, కాసేపాగితే మళ్లీ కదులుతుంది. మల్టీమీటర్ పెట్టి యాక్సిలరేటర్ తిప్పితే నాలుగు బాగానే ఉన్నాయి, ఒకటి మాత్రం 9 వోల్టులకు పడిపోతోంది. ఆ ఒక్కటే మారిస్తే పాతవాటితో కలిసి కొత్తదీ త్వరగా పోతుందంటున్నారు, నిజమేనా?

బడ్జెట్ 20 వేలు, అదీ సాగదీస్తే. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాక్ వేయిస్తే పాత చార్జరే చాలని మెకానిక్ అంటున్నాడు. నాకు నమ్మకం కుదరట్లేదు. 20 సెల్స్ సిరీస్‌లో ఉంటే ఫుల్ చార్జ్ 73 వోల్టులు. చార్జర్ అది దాటితే భారమంతా బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) మీదే కదా! రాత్రంతా ఇంట్లోనే చార్జింగ్, అదే అసలు టెన్షన్.

కంట్రోలర్ (మోటార్‌కి కరెంట్ నియంత్రించే బాక్స్) పాతదే ఉంచి లిథియంకి మార్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? బీఎంఎస్ ఎన్ని ఆంపియర్లది తీసుకున్నారు? లోకల్‌గా కట్టిన ప్యాక్ కొనేముందు ఏం చెక్ చేయాలో కూడా చెప్పండి. బ్రేక్ షూలు, టైర్లకి కూడా ఆ 20 వేలలోంచే మిగలాలి.