స్కాలర్‌షిప్‌ల కోసం భామాకలాపం వేయిద్దాం అనుకుంటున్నాం, ఖర్చులు పోను ఏమన్నా మిగులుతుందా?

బడి_బ్యాచ్:
సికింద్రాబాద్ సైడు ఒక సర్కారు బడిలో చదువుకున్న బ్యాచ్ మాది. ఏటా గ్రూప్‌లో తలా కొంత వేసుకుని అదే బడి పిల్లలు ముగ్గురు నలుగురికి ఇంటర్‌కో పాలిటెక్నిక్‌కో సాయం చేస్తున్నాం. ఈసారి మా ఫ్రెండ్ కూతురు కూచిపూడి నేర్చుకునే చోట మాస్టారు, మంచి పని కదా, మాకేం ఇవ్వొద్దు, హాలు ఆర్కెస్ట్రా మీరు చూస్కోండి, భామాకలాపం (సత్యభామ కథతో ఉండే కూచిపూడి నాటకం) వేస్తాం అన్నారు. ఇంక గ్రూప్‌లో సగం మంది రవీంద్రభారతి, అయిదొందల టికెట్ అని ఎగురుతున్నారు, మిగతా సగం ఈ తలనొప్పి ఎందుకు, అందరం ఇంకో రెండు వేలు వేసుకుంటే అయిపోతుంది కదా అంటున్నారు. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

చిక్కడపల్లి_వాసి:
అన్నా టికెట్ మీద అస్సలు ఆశ పెట్టుకోకు. మేం ఒకసారి చేసినం, టికెట్ల పైసలు హాలుకు, లైటింగ్‌కు, మేకప్ ఆయనకు, వచ్చినోళ్ల టిఫిన్లకే సరిపోయినయ్. మిగిలింది మొత్తం సావనీర్, అంటే ప్రోగ్రాం రోజు పంచే పుస్తకం, దాంట్ల యాడ్స్‌దే, అది కూడా మా దోస్తుల షాపులు, బట్టల దుకాణం, ఒక డెంటల్ క్లినిక్, అట్ల. అందుకే ముందు స్పాన్సర్లను పట్టు, హాలు ఖర్చు వాళ్ల మీద వెళ్లిపోయినంక డేట్ అనౌన్స్ చెయ్. రవీంద్రభారతి పేరు బాగానే ఉంటది గానీ అంత పెద్ద హాలు నింపాలి కదా, సగం కుర్చీలు ఖాళీగా ఉంటే ఆడే పిల్లలకు మనసు విరిగిపోతది. మా దగ్గర త్యాగరాయ గానసభ చూడు, మీ బ్యాచ్‌కు అది చాలు.
ఇంకోటి, చెప్పాలా వద్దా అనుకున్న గానీ చెప్తున్న. మా ప్రోగ్రాంకు డాన్స్ చేసే పిల్లల ఇళ్లకే తలా ఇరవై టికెట్లు అంటగట్టిన్రు. మనం ఒక పిల్ల ఫీజు కోసం ఇంకో పిల్ల తల్లిదండ్రుల జేబు కోస్తున్నమా అనిపించింది నాకైతే. ఆ పని మాత్రం చెయ్యకు.

గజ్జెల_సవ్వడి:
నేను పదేళ్లు నేర్చుకున్నానండి, ఇప్పుడు చూడ్డమే. భామాకలాపం అన్నది మంచి సెలెక్షన్, ఎందుకంటే సత్యభామ, మాధవి, చివర్లో కృష్ణుడు, ఈ ముగ్గురితో నడిచిపోతుంది, పాతిక మంది ఉండే బాలే అయితే డ్రెస్సులూ నగల అద్దెలే తడిసి మోపెడవుతాయి. కూచిపూడికి మూలపురుషుడనే సిద్ధేంద్రయోగి పేరు మీద ఉన్న కలాపం కాబట్టి సరదాకి వచ్చినవాళ్లకి కూడా ఏదో విన్నట్టు ఉంటుంది. కానీ ఖర్చు తగ్గిద్దామని ఆర్కెస్ట్రా తీసేసి ట్రాక్ పెట్టకండి దయచేసి. తెర వెనక నుంచే సత్యభామ తన జడని తెర మీదుగా ఇవతలికి వేసే చోటు ఉంది చూడండి, మొహం కనపడకముందే ఆవిడ పొగరంతా ఆ జడలోనే తెలియాలి, ఆ తర్వాత "భామనే సత్యభామనే" అనే దరువు, అంటే పాత్ర తనని తాను పరిచయం చేసుకునే పాట, ఎత్తుకుంటారు. నట్టువాంగం చేసేవాళ్లు, అంటే తాళం వేస్తూ నాట్యాన్ని నడిపించేవాళ్లు, ఆ అమ్మాయి అడుగు చూసి ఒక్క క్షణం ఆగాల్సి వస్తే ఆగుతారు, పెన్‌డ్రైవ్ ఆగదు కదా. మాధవితో మాటలు కూడా అంతే, జనం నవ్వితే ఆగి మళ్లీ అందుకోవాలి. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు మగవారై ఉండి సత్యభామగా అంత పేరు తెచ్చుకున్నారంటే ఆ వాచికం (మాట పలికే తీరు), ఆ నడక వల్లే. కావాలంటే సన్మానాలూ శాలువాలూ తీసేయండి, బోలెడు టైమూ డబ్బూ కలిసొస్తుంది 😀

లెక్కల_పద్దు:
రెండు ముక్కలు. టికెట్ మనిషికి 500 దాటనంతవరకు డాన్స్ ప్రోగ్రాం ఎంట్రీకి జీఎస్టీ పడదు, కాబట్టి అయిదొందల దగ్గరే ఆపండి. టికెట్ కొనడం విరాళం కాదు, దానికి 80జి, అంటే విరాళాల మీద ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు, అడిగితే కుదరదు. విరాళం విడిగా తీసుకోండి, అదీ 80జి ఉన్న ట్రస్ట్ ద్వారా అయితేనే ఉపయోగం, క్యాష్ 2,000 దాటితే మినహాయింపు రాదు, కొత్త ట్యాక్స్ రెజీమ్‌లో ఉన్నవాళ్లకి ఎలాగూ లేదు. ఇది ముందే చెప్తే తర్వాత గొడవలుండవు.

బడి_బ్యాచ్:
అందరికీ థాంక్స్. గ్రూప్‌లో పెట్టాను, చిన్న హాలు, లైవ్ ఆర్కెస్ట్రా, ముందు స్పాన్సర్లు అని ఒప్పుకున్నారు, శాలువాల మీద మాత్రం ఇంకా కొట్టుకుంటున్నారు. ఒకాయన స్కాలర్‌షిప్ తీసుకునే పిల్లల్ని స్టేజ్ మీదకి పిలిచి పెద్ద చెక్కు ఇప్పిద్దాం, ఫోటో బాగుంటుంది అంటున్నాడు, నాకెందుకో నచ్చట్లేదు.

చిక్కడపల్లి_వాసి:
వద్దే వద్దు. పదహారేళ్ల పిల్ల, రేపు కాలేజీలో ఆ ఫోటో పట్టుకుని ఎవడన్నా ఏమన్నా అంటే? సీదా కాలేజీ అకౌంట్‌ల కట్టండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే పిల్లలైతే బస్‌పాసు, పుస్తకాలు, ఎగ్జామ్ ఫీజు చూస్కోండి, అవి వాళ్లింట్లోనే కట్టుకోవాలె. ఆ పిల్లలకు పాసులిచ్చి ముందు వరుసల కూర్చోబెట్టు, ఎవరో ఎవరికీ చెప్పక్కర్లే. ఇంకా డేట్ ఫిబ్రవరి, మార్చిల పెట్టకు అన్నా, ఇంటర్ ఎగ్జామ్స్ ఉంటయ్, ఎవరి కోసం ఏస్తున్నరో వాళ్లే రాలేరు.