‘ఇరుసున కందెన’: బెట్టకనా, వెట్టకనా?

తార్నాక వాసి: నిన్న ఆటోనగర్‌లో మా పాత జీపు ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి, అంటే గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకి తిప్పుడు అందించే గొట్టానికి, కొలతలు తీయించాను. గొట్టం సొట్టపడింది, కొత్తది చేయించక తప్పదు. జాకీ మీద లేపుదామంటే మేస్త్రీ ఒప్పుకోలేదు. "గీరలు నేల మీద్నే ఉండాలె సార్. లేపితే ఇరుసు కిందికి వేలాడ్తది, కొలత తప్పుతది" అన్నాడు. షాఫ్ట్ రెండు కొసల్లో కీళ్లలా ఉండే క్రాసులున్నాయి కదా, ఈ క్రాసు నడిమి నుంచి ఆ క్రాసు నడిమికి టేపు పట్టాడు. ఆ ‘ఇరుసు’ చెవిన పడ్డప్పటినుంచి సుమతి పద్యం వెంటాడుతోంది. ‘కరణముల ననుసరింపక’ తర్వాతి పాదం ఎంతకీ రావడం లేదు. ‘యిరుసున కందెన బెట్టక / పరమేశ్వరు బండియైన బారదు సుమతీ’ మాత్రం ఉంది. ఇంతకీ ఆ షాఫ్ట్‌ని ఇరుసు అనొచ్చా?

మల్కాజిగిరి మాస్టారు: ‘విరిసంబున దిన్న తిండి వికటించు జుమీ’. పోతే, అది ‘బారదు’ కాదు, ‘బాఱదు’. పాఱు ధాతువుకి బండి ఱ ఉండాలి. బండి పరుగెత్తే చోట బండి ఱ తీసేస్తే ఎలాగండీ!

ఉప్పల్ శిష్యుడు: గురువుగారూ, ‘విరసంబున’ కదా? కరణంతో విరోధం పెట్టుకుని తిన్నది అరగదని భావం.

మల్కాజిగిరి మాస్టారు: గణం రెంటికీ ఒకటే, ప్రాస ‘ర’ రెంటికీ చెల్లుతుంది. ఛందస్సు తీర్పు చెప్పదు. మా నాయనగారు ‘విరిసం’ అనే చెప్పించారు, నేను వదలను.

కాచిగూడ: మీరంతా అసలు చోటు దాటేశారు. ‘కందెన బెట్టక’లో ఆ ‘బె’ ఎక్కడిది? కందెన ప్రథమ. ‘ప్రథమమీఁది పరుషములకు గసడదవలు బహుళంబుగా నగు’ అన్న చిన్నయసూరి సూత్రం ప్రకారం ‘పెట్టక’లోని ప, వ అయి ‘వెట్టక’ కావాలి. ‘బె’ రావాలంటే ముందు ద్రుతం, అంటే చివర ‘న్’, ఉండాలి.

మల్కాజిగిరి మాస్టారు: ‘కందెనన్’ అని ద్వితీయగా తీసుకోండి, ప స్థానంలో బ అనే సరళం దానంతట అదే వస్తుంది. నాలుగో పాదంలో ‘ఐనన్ + పాఱదు’ అలాగే కదా ‘బాఱదు’ అయింది.

కాచిగూడ: అక్కడ ద్రుతం సహజం. ఇక్కడ మీరు తెచ్చిపెడుతున్నారు. నా చెవికి ‘వెట్టక’ అంటేనే పాతదనం వినిపిస్తుంది.

ఉప్పల్ శిష్యుడు: నాదొక ఊహ. చక్రంలో ఇఱుక్కుని ఉంటుంది కనుక ఇఱుసు, అదే ఇరుసు అయి ఉంటుంది.

మల్కాజిగిరి మాస్టారు: నాయనా, ప్రాస చూడు. కరణ, విరి, పర: అన్నీ సాధురేఫలే, అంటే మామూలు ‘ర’లే. పాతకాలపు పద్ధతిలో వాటి మధ్య ఱ ఇమడదు. తమిళంలోనూ ‘ఇరుసు’, అక్కడా చిన్న రేఫే. ఇఱుకుతో ముడిపెట్టకు.

రాణీగంజ్ స్పేర్స్: నేను వ్యాకరణం చదువుకోలే, చిన్నప్పుడు మా ఊర్ల బండికి కందెన పెట్టిన. ఆముదంల కాల్చిన గడ్డి మసి కలిపి, గీర ఊడకుండ ఉండే కడచీల గుంజి, గీరను కొంచెం బయటికి లాగి పూసేటోళ్లం. ఆ బండి ఇరుసు తిరగదన్నా. గీర తిరుగుతది, ఇరుసు బరువు మోస్తది. ప్రొపెల్లర్ షాఫ్ట్ దానికి పూర్తిగ ఉల్టా: తిరుగుడే దాని పని, బండి బరువు దాని మీద ఉండది. అందుకే మేస్త్రీ ఎనకున్నదాన్నే ఇరుసన్నడు, షాఫ్ట్‌ను అనలే. మాట సరిగ్గనే వాడిండు. కందెన మాత్రం రెంటికీ కావాలె: షాఫ్ట్‌కైతే క్రాసుల గ్రీజు నిప్పుల్ ఉంటది. తార్నాక అన్నా, క్రాసు కప్పుల లావు, ఈ కప్పు అంచు నుంచి ఆ కప్పు అంచుకు వెడల్పు, రెండూ కాలిపర్‌తోటి తీసిండా? లాక్ రింగు లోపల్నా బయట్నా? గొట్టం లావు? షాఫ్ట్ కొసకు ముందుకు ఎనకకు జారే యోక్ ఉంటే పూర్తిగ లోపలికి నెట్టి, మళ్ల సుమారు అంగుళం బయటికి గుంజి కొలవాలె. లేకుంటే గుంతల పడ్డప్పుడు పోయి గేర్‌బాక్స్‌ను గుద్దుతది.

తార్నాక వాసి: కప్పులు కొలిచాడు. అంగుళం సంగతి అడగాలి, మేలు చేశారు.

కాచిగూడ: ‘మోసేది, తిరగనిది’! ఇంత చక్కటి అర్థం నిఘంటువులో నేను చూడలేదు. అలాగైతే పరమేశ్వరుడి బండి మాటేమిటి? త్రిపుర సంహారంలో భూమే రథం, సూర్యచంద్రులు చక్రాలు. ఆ రెంటి నడుమ ఇరుసు ఏది?

మల్కాజిగిరి మాస్టారు: రథం మాట వస్తే నాకు తిక్కనగారి కర్ణపర్వమే. భూమిలో దిగబడిన చక్రాన్ని ఎత్తబోయే కర్ణుడి దగ్గర ఎన్నిసార్లు ఆగిపోయానో! ఆ ఘట్టం పైకి చదువుతుంటే ఈ వయసులోనూ గొంతు పూడుకుపోతుంది. అక్కడ ఇరుసు విరగలేదు, కందెన తక్కువ కాలేదు. నేలే మింగింది.

ఉప్పల్ శిష్యుడు: మరి షాఫ్ట్‌ని తెలుగులో ఏమనాలి గురువుగారూ?

కాచిగూడ: దాని సంగతి తర్వాత. ‘వెట్టక’ అని అచ్చయిన పాత ప్రతి ఎవరి దగ్గరైనా ఉందా? అరసున్నలు తీసేయనిది కావాలి.

మల్కాజిగిరి మాస్టారు: మా అటక మీద ఒకటుంది, అట్ట లేదు. ఆదివారం దింపిస్తాను. అందులోనూ ‘బె’యే ఉంటుంది, చూడండి.