సంఘసంస్కరణా, సంఘసంస్కారమా? తోకచుక్క పద్యంలో ఒక పాదం

పాతముద్రణ:
గురజాడ ముత్యాల సరాల్లో తోకచుక్క మీద చెప్పిన పాదం ఒకటి నిన్నటి నుంచి నోట్లో నానుతోంది. ‘తలతు నేనిది సంఘసంస్కార ప్రయాణ పతాకగాన్’ అని నేను, ‘సంస్కరణ’ అని మా ఇంట్లోవాళ్లు. పుస్తకం ఎవరో పట్టుకుపోయారు. ఏది?

రగడ:
సంస్కరణే. తలతు, నేనిది, సంఘ, సంస్కర, ణప్ర, యాణప, తాక, గాన్. మాత్రల లెక్కన మూడూ నాలుగూ మూడూ నాలుగూ. ‘ప్ర’ ముందు ‘ణ’ గురువు, అంటే రెండు మాత్రలు. ఇంకేం కావాలి?

బొబ్బిలి వీణ:
తొందరపడ్డారు రగడ గారూ. ‘సంస్కా’ నాలుగు మాత్రలు, ‘రప్ర’ మూడు. సంస్కారం కూడా అంతే నున్నగా కూర్చుంది. ఛందస్సును సాక్షిగా పిలిస్తే ఇద్దరి తరఫునా చెబుతుంది.

రగడ:
14 మాత్రల దగ్గర పాదం విరవండి. ‘సంస్కర’ పైన, ‘ణ’ కింద. మాటను అలా నడుమ విరిచే తెగువ గురజాడదే.

బొబ్బిలి వీణ:
సంస్కారమైతే ‘ర’ కిందికి జారుతుంది. తెగువ అదే, అక్షరమే వేరు.

కౌముది:
మాత్రలు వదిలి అర్థం చూడండి. షోడశ సంస్కారాలు, దహన సంస్కారం, ‘సంస్కారం లేని మనిషి’... ఇవన్నీ ఒక మనిషికి జరిగేవి, లేదా ఒక మనిషిలో ఉండేవి. సంఘానికి చేసేది సంస్కరణ. అసలు రుచి ఆ నడిమి ‘స్’లో ఉంది. ‘సంపరిభ్యాం కరోతౌ భూషణే’ అని పాణిని (6.1.137) దాన్ని తెచ్చింది అలంకరించడమనే అర్థంలో. అది లేకపోతే మిగిలేది సంకరం! వీరేశలింగం గారిని తిట్టినవాళ్లు ఆ ఒక్క హల్లు తీసేశారంతే.

మద్రాసు తెలుగు:
చమత్కారం బాగుంది కానీ అమ్మా, సంకరం చేయడమనే అర్థమున్న ‘కృ’ ధాతువు నుంచి రాలేదు. చల్లడమనే అర్థమున్న ‘కౄ’ నుంచి వచ్చింది. ‘స్’ తీసినా అక్కడికి చేరలేరు. ఆ సూత్రంలో ‘పరి’ని వదిలేశారు. పరిష్కారం దానివల్లనే. గ్రంథపరిష్కర్తా సంఘసంస్కర్తా అన్నదమ్ములు. మలయాళంవాళ్లు మన భూసంస్కరణను భూపరిష్కరణం అంటారు. బెంగాలీలోనేమో భూమి సంస్కార్, రోడ్డు మరమ్మతు కూడా సంస్కారే. పాతముద్రణ గారు కలకత్తాలో పుట్టి ఉంటే ఈ తగవే లేదు.

కౌముది:
ధాతువు నాకూ తెలుసు మాస్టారూ. చమత్కారానికి ధాతుపాఠం అడ్డురాదు.

ఎర్రమట్టి:
మీరు ‘స్’ దగ్గరే ఆగారు, నా పట్టింపు ‘లు’ మీద. ఏకవచనంలో ఉంటే సంఘసంస్కరణ: 1881 డిసెంబరులో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం, రాళ్లూ వెలివేతలూ చేసేవాడే భరించాలి. ‘లు’ చేరిందంటే సర్కారు పని: భూసంస్కరణలు, ఆర్థిక సంస్కరణలు, విద్యుత్ సంస్కరణలు. వాటిని చేసేవాడొకడు, మోసేవాడొకడు. 2000 ఆగస్టులో కరెంటు చార్జీల నిరసన మీద జరిగిన బషీర్‌బాగ్ కాల్పులు ఆ ‘లు’ ఖాతాలోవే.

మద్రాసు తెలుగు:
పీవీ గారిని ఏ గంపలో వేస్తారు? ముఖ్యమంత్రిగా భూసంస్కరణలు, ప్రధానిగా ఆర్థిక సంస్కరణలు. మొదటివాటికి పదవే పోయిందంటారు. ‘లు’ ఉన్నా మోసింది తనే కదా.

ఎర్రమట్టి:
పదవి పోవడం, ప్రాణం పోవడం ఒకటి కాదు.

బొబ్బిలి వీణ:
గురజాడను వదిలేసి ఎక్కడికో పోయారు. ఆ తోకచుక్క వచ్చిన 1910లోనే ఆయన కథకు పెట్టిన పేరు ‘దిద్దుబాటు’. సంస్కరణకు మన ఇంటి మాట అది. సభ లేదు, తీర్మానం లేదు. సానిపాట వినడానికి పోయి ఇంటికొచ్చిన మొగుడికి పెళ్లాం పుట్టింటికి పోయినట్టు ఉత్తరం. చివరికి మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు. పిల్లల చేత పలక మీద అక్షరాలు దిద్దించినట్టు ఆ మొగుణ్ణి దిద్దింది కమలిని.

కౌముది:
నా దృష్టిలో ఆ పాదానికి ప్రాణం సంస్కరణా కాదు, సంస్కారమూ కాదు, పతాక. ధూమకేతువులో ‘కేతువు’ అంటే జెండాయే కదా. అరిష్టమని ఊరంతా వణికే పేరులోంచే జెండా లాగి సంస్కర్తల చేతిలో పెట్టారు. కొత్త ఉపమానమేమీ తేలేదు, పాత పేరు మడత విప్పారు.

రగడ:
అమరకోశంలో పతాకకు పర్యాయం ‘కేతనం’. కేతువు కాదు.

కౌముది:
అందులోనే నానార్థవర్గం దాకా చదవండి. ‘గ్రహభేదే ధ్వజే కేతుః’, కేతువంటే ఒక గ్రహం, జెండా కూడా.

పాతముద్రణ:
పెద్దలారా, ‘ణ’నా ‘ర’నా?

రగడ:
‘ణ’ అని మొదటే చెప్పాను. ఈ నడక వృషభగతి రగడ అనే పాత ఛందస్సును సగానికి కోసిందేనని కూడా చెబుదామనుకుంటే ఎవరూ అడగలేదు. గురజాడ దీన్ని గజళ్ల నుంచి తెచ్చారనేవాళ్లు ఒక్క పాదం విడదీసి చూపించమనండి.

బొబ్బిలి వీణ:
ఆ గజల్ సంగతి నేను చూపిస్తాను, వేరే చర్చ తెరవండి. అక్కడ మీ ‘గాన్’ పొల్లు సంగతి కూడా తేలుద్దాం. ‘గా’ అని దీర్ఘంతో ఆపినా రెండు మాత్రలే.