వూఫర్‌కు సొంత పవర్ ఉన్న స్పీకర్లకు పెద్ద యాంప్లిఫయర్ అవసరమా?

పర్లాకిమిడి శ్రోత:
అందరికీ నమస్కారం. విశాఖలోని మా బావగారు ఇల్లు మారుతూ తన టవర్ స్పీకర్ల జతను నాకు ఇచ్చారు. ఒక్కొక్కదాని అడుగున వూఫర్ (బాస్ పలికించే పెద్ద స్పీకరు), దాన్ని నడిపే 300 వాట్ల యాంప్లిఫయర్, వెనుక విడిగా కరెంటు తీగ ఉన్నాయి. సెన్సిటివిటీ 90 డెసిబెల్స్, 8 ఓంలు అని రాసి ఉంది. నా దగ్గరున్నది చానెల్‌కు 40 వాట్లిచ్చే పాత స్టీరియో యాంప్లిఫయర్. కనీసం 200 వాట్లది కొనకపోతే స్పీకర్లు పాడవుతాయని బరంపురంలో ఒక దుకాణదారు హెచ్చరించారు. మా గది పన్నెండడుగులకు పద్నాలుగు. వినేవి ఎక్కువగా ఘంటసాల పాటలు, అప్పుడప్పుడు ఒడిస్సీ నాట్యానికి వాయించే మర్దల వాద్యం. కొత్తది కొనక తప్పదా?

బరంపురం సౌండ్ మేస్త్రి:
కొనకండి. వూఫర్ విభాగం మీ యాంప్లిఫయర్ నుంచి సంకేతాన్నే తీసుకుంటుంది, శక్తిని గోడ ప్లగ్గు నుంచి తెచ్చుకుంటుంది కనుక, మీ 40 వాట్లూ మధ్య స్వరాలు పలికే మిడ్‌రేంజికి, పై స్వరాలు పలికే ట్వీటర్‌కే మిగులుతాయి. పవర్ రెట్టింపైన ప్రతిసారీ పెరిగేది 3 డెసిబెల్సే. ఆ లెక్కన ఒక వాట్‌కు మీటరు దూరంలో 90 ఇచ్చే స్పీకరు 16 వాట్లకు 102 ఇస్తుంది. మూడు మీటర్ల దూరాన కూర్చుని అందులో తొమ్మిది పోగొట్టుకున్నా, పక్కింటివారు తలుపు తట్టక మానరు.

రాయగడ నుంచి ఒకరు:
మేస్త్రిగారి మాట సరైనదే కానీ, చిన్న సవరణ. బాస్‌కు మీ యాంప్లిఫయర్ కరెంటు ఇవ్వనక్కర లేకపోయినా వోల్టేజి మాత్రం ఇవ్వాల్సిందే. 8 ఓంలకు 40 వాట్లంటే సుమారు 18 వోల్టులు. మర్దల దెబ్బ గట్టిగా పడినప్పుడు ఆ హద్దు దాటితే, వూఫర్ ఎంత బలంగా ఉన్నా పాట మొత్తం గరగరమంటుంది. అందుకే యాంప్లిఫయర్‌లోని బాస్ నాబ్‌ను మధ్యలోనే ఉంచి, బాస్ కావాలంటే స్పీకరు వెనుకనున్న వూఫర్ నాబ్‌నే తిప్పండి. ఇంకొక జాగ్రత్త: క్లాస్-డి అనే స్విచింగ్ రకం యాంప్లిఫయర్ బోర్డులు కొన్నింటిలో నల్ల టెర్మినల్ గ్రౌండ్‌కు కలిసి ఉండదు, అటువంటిది వాడుతూ వూఫర్‌కు సబ్ వూఫర్ కేబుల్ కూడా తగిలిస్తే బోర్డు కాలిపోయే ప్రమాదముంది.

పర్లాకిమిడి శ్రోత:
ధన్యవాదాలండి. వూఫర్ నాబ్‌ను సగం నుంచి కొంచెం కిందికి తెచ్చాను. గాత్రం ముందుకు వచ్చింది. వాల్యూమ్ నాబ్ తొమ్మిది గంటల ముల్లు దాటడం లేదు. అయితే ఎడమ స్పీకరులో సన్నగా గుయ్‌మనే శబ్దం వినిపిస్తోంది.

బరంపురం సౌండ్ మేస్త్రి:
రెండు స్పీకర్లనూ యాంప్లిఫయర్‌నూ ఒకే పవర్ బోర్డుకు కలిపి చూడండి. ప్లగ్గులోని మూడో పిన్ను (ఎర్త్) మాత్రం విరగ్గొట్టకండి, మన వైపు చాలామంది చేసే పని అదే.