1973 బెర్‌ట్రామ్ 31: బాగుచేసి అమ్మాలా, ఉన్నదున్నట్టే వదిలించుకోవాలా?

గాలం_టాంపా:
ఫ్లోరిడాలో బోటు గోల తెలిసిన మనవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. మూడేళ్ల కిందట 1973 నాటి బెర్‌ట్రామ్ 31 బోటు కొన్నాను, ఫ్లైబ్రిడ్జ్ (పైకెక్కి నడిపే చోటు) ఉన్నది. గ్రూపర్లు, కింగ్‌ఫిష్‌లు పట్టేద్దామని కలలు. నీళ్లలో తిరిగింది నాలుగుసార్లు, యార్డులో దిమ్మెల మీద కూర్చున్నది రెండేళ్లు. అద్దె నెలకి 450 డాలర్లు. రెండు పెట్రోల్ ఇంజన్లలో ఒకటి పట్టేసింది, రెండోది దయ తలిస్తే స్టార్టవుతుంది. ముందు డెక్ మీద ఒకచోట కాలు పెడితే మెత్తగా దిగుతోంది. ఇలాగే అమ్మితే 14 వేలు రావొచ్చంటున్నారు. ఇంకో ఇరవై వేలు పెట్టి డెక్, రంగు, ఇంజను చేయిస్తే 40కి పోతుందని మెకానిక్ మాట. ఏం చేయమంటారు?

జాక్సన్‌విల్_బాబాయ్:
బాగుచేసే అమ్మవయ్యా. స్టార్ట్ కాని బోటు చూడ్డానికి గంటసేపు డ్రైవ్ చేసుకుని ఎవడొస్తాడు? నా సెంటర్ కన్సోల్ బోటుకి (స్టీరింగ్ మధ్యలో ఉండే రకం) రంగు వేయించి, పాలిష్ కొట్టించి అమ్మాను. వారంలో పోయింది.

హార్బర్_కుర్రాడు:
బాబాయ్ గారూ, మీది అప్పటికి ఎన్నేళ్లది?

జాక్సన్‌విల్_బాబాయ్:
ఆరేళ్లు.

హార్బర్_కుర్రాడు:
అదీ సంగతి. బెర్‌ట్రామ్ 31 కొనేవాడు కొనేది దాని అడుగుభాగాన్నండి. బోట్ల డిజైనర్ రే హంట్ గీసిన ఆ లోతైన ‘వీ’ ఆకారం వెనక అంచు దగ్గర కూడా దాదాపు 24 డిగ్రీల వాలుతో ఉంటుంది. అందుకే అలని కోసుకుంటూ పోతుంది, దాని మీద దబదబా పడదు. 1960లో మయామీ నుంచి బహామాస్‌లోని నాసావుకి జరిగిన పందెంలో ఆ ఆకారంతోనే చెక్కతో కట్టిన ‘మాపీ’ అనే బోటు గెలిచింది. ఆ తర్వాతే ఫైబర్‌గ్లాస్‌లో ఈ 31 వచ్చింది. అడుగు గట్టిగా ఉంటే ఇంజన్ల గురించి పెద్దగా బేరమాడరు, ఎలాగూ చాలామంది పీకేసి డీజిల్ పెట్టుకుంటారు. అన్నా, పట్టేసిన ఇంజను మీద నువ్వు పెట్టే డబ్బు రేపు వాళ్లు యార్డు మూల పారేసే ఇనుముకి పెట్టినట్టే.

రంగైతే అసలొద్దు. కొనేవాడి తరఫున బోటు పరీక్షించే సర్వేయర్ చిన్న సుత్తితో డెక్ అంతా తట్టుకుంటూ వస్తాడు. గట్టిగా ఉన్నచోట టక్‌మంటుంది, లోపల చెక్క నానినచోట బొదబొదలాడుతుంది. కొత్త రంగు కింద ఆ చప్పుడు వినబడిందా, ఇంకేం దాచాడో అనుకుంటాడు. విశాఖలో మా నాన్న మరబోటు అమ్మినప్పుడూ కొనేవాళ్లు ముందు చూసింది అడుగునే. ఇంజను మాట టీ తాగాక వచ్చింది.

జాక్సన్‌విల్_బాబాయ్:
సరే, రంగు వదిలెయ్. అయినా ఒక్క ఇంజనైనా తిరగాలి. అది 11 అడుగుల పైచిలుకు వెడల్పు. రోడ్డు మీద 8 అడుగుల 6 అంగుళాలు దాటితే పర్మిట్ కావాలి, ఆ ఖర్చు కొనేవాడు నీ ధరలోంచే కోస్తాడు.

హార్బర్_కుర్రాడు:
ఇది మాత్రం నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నా.

నల్లగొండ_నావ:
సచ్చిన బర్రె పలిగిన కుండెడు పాలిచ్చిందట! 1960 కతలు మంచిగనే ఉన్నయ్ గని, అన్న నెలనెలా 450 కడుతుండు. విప్పి అమ్ము అన్నా. ప్రొపెల్లర్లు, కిటికీలు, నడిచే ఇంజను. మిగిలింది కోపిచ్చి డంప్‌కి తోలు.

హార్బర్_కుర్రాడు:
కోయడానికి కూలీ, పారేయడానికి రుసుము, అన్నీ పోగా ఏం మిగుల్తుంది తమ్ముడూ? పైగా ఊరికే ఎవడికో ఇచ్చేస్తే, వాడు కాగితాలు తన పేరుకి మార్చుకోకుండా ఏ కాలువలోనో వదిలేస్తే, కాగితాల్లో ఉన్న అన్న పేరు మీదకే వస్తుంది. ఎంతకి అమ్మినా 30 రోజుల్లోపు కౌంటీ ట్యాక్స్ కలెక్టర్ ఆఫీసులో అమ్మిన నోటీసు ఇవ్వాలి.

నల్లగొండ_నావ:
గట్లయితె అమ్ము. గని డెక్ మెత్తగున్న ముచ్చట అడిగితెనే చెప్పు. ‘యాజ్ ఈజ్’ అని రాస్తె అయిపాయె.

ఉప్పుగాలి:
కొన్నదాన్ని కాబట్టి చెప్తున్నా. ‘యాజ్ ఈజ్’ అంటే బాగుచేసివ్వనని అర్థం, తెలిసింది దాచొచ్చని కాదు. ఒక ప్రకటనలో ఎండలో మెరిసే ఆరు ఫోటోలున్నాయి. వెళ్తే బిల్జ్ (బోటు అడుగున నీళ్లు చేరే చోటు) నిండా నూనె, తిరిగొచ్చేశాం. ఇంకొకాయన కుళ్లిన చెక్కతో సహా నలభై ఫోటోలు పెట్టాడు. ఆయన దగ్గరే కొన్నాం, పెద్దగా బేరం కూడా ఆడలేదు.

గాలం_టాంపా:
మూడు వారాల తర్వాత రాస్తున్నా. మెత్తగా ఉన్నచోట చాక్‌పీసుతో గీతగీసి ఫోటో తీశాను. బిల్జ్ కడిగాను. వెనక పలక మీది హల్ నంబరు (బోటు గుర్తింపు నంబరు) యాజమాన్య కాగితం టైటిల్‌తో సరిచూశాను. బాబాయ్ గారి మాట మీద కార్బ్యురేటర్‌కి 600 పెడితే ఒక ఇంజను తిరుగుతోంది. ఇద్దరొచ్చారు. మొదటాయన ఫ్లైబ్రిడ్జ్ ఎక్కి సెల్ఫీ దిగి వెళ్లిపోయాడు. రెండో ఆయన గంటన్నర మోకాళ్ల మీద పాకుతూ తట్టాడు. ఇంజను స్టార్ట్ చేసి చూపిస్తానంటే వద్దన్నాడు. 12,500 ఇస్తానని, శనివారం మళ్లీ వస్తానని వెళ్లాడు.

ఇంట్లో 12,500 అని చెప్పేశాను. కొన్నది ఎంతకో మా ఆవిడ ఇంకా అడగలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నల్లగొండ తమ్ముడి దారే.